మామిడికాయల కాలంలో టపాకాయ

నా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్ళ వయసులో కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. దాని సొంత చిన్నాయన గడ్డివామిలో దాచిన నాటుబాంబు వల్ల పోయాయి. పోయాక ఇంటిల్లిపాదీ కూర్చుని, తప్పు నీదేనని ఆ పిల్ల నోటితోనే చెప్పించారు. టపాకాయ కాల్చుకున్నానని చెప్పమన్నారు. ఆ పిల్ల చెప్పింది.

జరిగిన అన్యాయం ఇదీ. దీన్ని ముందుగా రాయడానికి కారణముంది. నోటితో చెప్పబోయిన ప్రతిసారీ సగంలోనే ఎవరో ఒకరు "ఆ కాలం అట్లాంటిదిలేప్పా" అని అడ్డం వచ్చేవాళ్ళు. కాగితం మీద ఎవరూ అడ్డం రాలేరు.

ఊరు బనగానపల్లె దగ్గర. ఊళ్ళో రెండు పార్టీలు. మా చెల్లెలిని ఇచ్చిన ఇల్లు ఒక పార్టీలో ఉండేది. ఎందుకున్నారని అడిగితే వాళ్ళకే తెలియదు. వాళ్ళ నాయన ఉన్నాడు కాబట్టి వాళ్ళూ ఉన్నారు. మా బావ నెమ్మదస్తుడు. ఆయన తమ్ముడు, అంటే ఈ పిల్లకు చిన్నాయన, అప్పటికింకా మీసాలు దువ్వుకునే వయసు. పార్టీ పెద్దలు ఏ పని చెప్పినా ముందు పరిగెత్తేవాడు. బాంబులు దాచమన్నారు, దాచాడు.

ఆ పక్క పిల్లలకు ఎండాకాలంలో ఒక అలవాటుంది. గాలికి రాలిన మామిడికాయలు ఏరుకొచ్చి గడ్డివామిలో గుచ్చి పెట్టుకుంటారు. గడ్డి వేడికి అవి మాగుతాయి. ఎవరి కాయలు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పరు. రోజూ పోయి చెయ్యి దూర్చి, మెత్తబడిందా లేదా అని నొక్కి చూసుకుంటారు. నా మేనకోడలూ అలాగే దూర్చింది. గుండ్రంగా తగిలింది. తను పెట్టుకున్న కాయలకన్నా పెద్దది. ఎవరో మంచి కాయ దాచుకున్నారనుకుని సంబరంగా బయటికి లాగింది.

పెద్దవాళ్ళు ఆలోచించి అల్లిన అబద్ధం టపాకాయ. మామిడికాయల కాలంలో టపాకాయ! పోయిన దీపావళికి పేలకుండా మిగిలిందట, వద్దన్నా వినకుండా పిల్ల అంటించిందట. దీపావళికీ మామిడికాయలకూ మధ్య ఎన్ని నెలలున్నాయో లెక్కపెట్టడానికి ఎవరూ చదువుకోనక్కరలేదు. అయినా అడిగినవాడు లేడు. ఊరంతా టపాకాయే అంది.

కబురు తెలిసి నేను మంగంపేట నుంచి బస్సులు మారి కర్నూలు ఆసుపత్రికి పోయేసరికి పిల్ల మంచం మీద ఉంది. చేతికి కట్టు. ముఖం మీద గడ్డి గీసుకున్న గీతలు. నేనింకా నోరు తెరవకముందే, గోడవైపు చూస్తూ చెప్పింది.

"నేను టపాకాయ కాల్చుకుంటి మామా."

అడగకముందే చెప్పింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.  బావను వరండాలోకి పిలిచి నిలదీశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గట్టిగా మాట్లాడాకు బావా. బయటికొస్తే కేసైతాది. తమ్ముడు లోపలికి పోతాడు."

"మరి పిల్ల?"

"పిల్లదేముంది, మానిపోతాది."

నా చెల్లెలు స్తంభం పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అంతకన్నా ఆమె ఏం చేయగలదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం అరిచాను. వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెప్పాను. రెండు తరగతులు చదివి, మిగతాదంతా పేపర్లు చూసి నేర్చుకున్నవాడిని. నా మాట ఎవరు లెక్కచేస్తారు? "ఆయప్పకు కోపమెక్కువ" అని తీసేశారు.

ఊరికి తీసుకుపోయాక ఇంకో గోస మొదలైంది. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. పిల్ల సహజంగా ఎడమచేత్తో అన్నం తినబోయింది. వాళ్ళ జేజి, అంటే బావ తల్లి, ఒప్పుకోలేదు. ఆడపిల్ల ఎడమచేత్తో తింటే, ఎడమచేత్తో వడ్డిస్తే ఇంటికి అరిష్టమంది. అన్నం ముందు కూర్చోబెట్టి ఎడమచేతిని వీపు వెనక పాతచీర ముక్కతో కట్టేసేది. పిల్ల రెండు వేళ్ళతో మెతుకులు ఏరుకునేది. సగం కిందపడేవి. పడితే తిట్లు. బాంబు పెట్టినవాడు అదే వరసలో కూర్చుని కుడిచేత్తో శుభ్రంగా కలుపుకుని తినేవాడు.

ఇది కళ్ళారా చూసి, సెలవులు ముగిసేదాకా మా ఇంట్లో ఉంచుకుంటానని చెప్పి తెచ్చుకున్నాను. తిరిగి పంపలేదు.

మా ఇంట్లో దిగిన పూట నా భార్య పిల్లకు కంచం పెట్టింది. పిల్ల ఎడమచేతిని తనే వీపు వెనక పెట్టుకుంది. కట్టడానికి ఎవరూ లేకపోయినా పెట్టుకుంది. నా భార్య తన కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో సంగటి విరుచుకుని పులుసులో ముంచింది. అలవాటు లేని చెయ్యి, గడ్డమంతా పులుసు. తర్వాత నావైపు చూసింది.

"నీకు వేరే చెప్పల్లనా? నువ్వూ తిను."

నేనూ ఎడమచేత్తోనే తిన్నాను. సంగటి ముద్ద జారి నా పంచెలో పడింది. పిల్ల నవ్వలేదు కానీ చూసింది. కాసేపటికి వీపు వెనక నుంచి చెయ్యి ముందుకొచ్చింది. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఎడమచేతి భోజనాలే. చూడవచ్చిన చుట్టాలు వింతగా చూస్తే నా భార్య "మా ఇంటి ఆచారం ఇట్లనే. నచ్చకుంటే మీయింట్లో తినండి" అనేది.

అన్నం సంగతి అలా తేలింది. శబ్దం సంగతి తేలలేదు.

నా పని మంగంపేట ముగ్గురాయి గనిలో. రాయిని పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని చుట్టూ తిరిగి మనుషులనూ పశువులనూ దూరం పంపడం, తర్వాత సైరను వేయడం. శబ్దానికి దడుచుకునే పిల్లను తెచ్చి, రోజూ పేల్చే చోట పెట్టుకున్నానని నాకు దోవలో తట్టలేదు. నా భార్యకు తట్టింది.

"బుద్ధుండాదా నీకు? పేపర్లు సదివేది కాదు. ఈ బిడ్డను యాడికి తెచ్చినావో సూడు."

మొదటి మధ్యాహ్నం గని పేలగానే పిల్ల మంచం కిందికి దూరి, వేరుశనగ మూటల వెనక ఇరుక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. పావడా తడిసింది. ఊరికి పంపలేం, గనిని ఆపలేం. రెండు రోజులు నా భార్య ఆలోచిస్తూనే ఉంది.

మా ఇళ్ళ వరసలో గని పేలిన తర్వాత సన్నటి దుమ్ము వచ్చి పడేది. అందుకని సైరను వినబడగానే ఆడవాళ్ళు అన్నం మీద, నీళ్ళ బిందెల మీద మూతలు పెట్టుకునేవాళ్ళు. నా భార్య ఆ పనిని పిల్లకు అప్పజెప్పింది.

"మే, నాకు పనుండాది. సైరను ఇనపడితే మూతలు పెట్టేది నీ పని. బువ్వలో దుమ్ము పడితే నీకే పెడతా."

పిల్ల మొదట మూతలు పెట్టేసి మంచం కిందికి పోయేది. కొన్నాళ్ళకు మూతలు పెట్టి మంచం మీద కూర్చునేది. మరికొన్నాళ్ళకు, మా ఇంట్లో మూతలు పెట్టి పక్కింటికి పరిగెత్తేది. "మూతలు! మూతలు పెట్టండి!" అని వరసంతా అరుచుకుంటూ పోయి, పేలేలోపు తిరిగొచ్చి గడప మీద చెవులు మూసుకుని నిలబడేది. పక్కింటి దూదేకుల ఆమె నాతో అంది:

"అన్నా, నీ సైరను ఆపేసుకో. మీ కోడలుంటే సాలు మాకు."

గని పేలుతూనే ఉంది. పిల్ల చేతికి మూతలొచ్చాయి, అంతే తేడా. కుదుటపడడం అంటే ఇంతేనేమో, నాకు ఇంతకన్నా పెద్ద మాటలు తెలియవు.

ఒక విషయం చెప్పడం మరిచాను. దెబ్బ తగలకముందు ఆ పిల్ల మా ఇంటికి వచ్చినప్పుడల్లా ప్రశ్నలతో నా ప్రాణం తీసేది. ఈ రాయి ఇంత బరువెందుకుండాది మామా? బరువుంటే లారీ పైకెట్లెక్కుతాది? నీ జెండా ఎర్రగానే ఎందుకుండల్ల? చెప్పలేక నేను విసుక్కునేవాడిని. దెబ్బ తగిలాక ఒక్కటీ అడగలేదు. అన్నం పెడితే తినేది, పని చెబితే చేసేది. విసుక్కోవడానికి కూడా ఏమీ లేక నాకు దిగులుగా ఉండేది.

మూతల పని బాగా ఒంటబట్టాక ఒక సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుంటుంటే వచ్చి చెంబు అందించింది. ఎడమచేత్తోనే. ఆ తర్వాత అడిగింది.

"పేల్చేదానికి ముందర సైరను ఎందుకేస్తారు మామా?"

నాకు ఎంత సంతోషమంటే, నీళ్ళు పోసుకోవడం మాని చెప్పడం మొదలుపెట్టాను.

"మనుషులు దూరం పోవల్ల గదా పాపా."

"మేకలుంటే?"

"మేపేటోళ్ళకు చెప్తాం. తోలుకుపోతారు."

"పిల్లోళ్ళుంటే?"

"పిల్లోళ్ళను అందరికన్నా ముందు పంపిస్తాం."

పిల్ల చెంబును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మరి మా చిన్నాయన నాకెందుకు చెప్పలే?"

అంటే దానికి తెలుసు. ఆ పూట నుంచే తెలుసు. తెలిసే అందరికీ టపాకాయ అని చెబుతూ వచ్చింది. నేను మేకలకు చెప్పి మరీ పేలుస్తాను. అక్కడ ఇంటి బిడ్డకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.  జవాబు ఉన్నవాడిని అడిగి చెబుతానన్నాను.

అడిగాను. పెళ్ళిలో అడిగాను, చావులో అడిగాను, బస్టాండులో ఎదురుపడితే అడిగాను. "ఏమప్పా, ఆ పిల్లకు ఎందుకు చెప్పలేదు నువ్వు?" ఇదే మాట. అతను ఒకసారి "యాడి సంగతి, ఎప్పటి సంగతి" అన్నాడు. ఒకసారి వక్క నములుతూ వినబడనట్టు పోయాడు. ఒకసారి "నీకు మెంటలు బావా" అన్నాడు. పార్టీలు రాజీ పడ్డాయి, పెద్దలు ఒకే బండిలో తిరిగారు, అతను కాంట్రాక్టులు చేసి మేడ కట్టాడు. గడ్డివామి ఉన్నచోట సిమెంటు రేకుల షెడ్డు లేచింది. నేను పెన్షనుకు వచ్చాను. నా ప్రశ్న అక్కడే ఉంది.

పిల్ల మాత్రం నా ప్రశ్న కోసం కాచుకుని కూర్చోలేదు. ఎడమచేత్తో రాసింది, ఇంటరు పాసయింది, తనకు నచ్చినవాడిని మాకు చూపించి చేసుకుంది. మొగుడూ పెళ్ళాలు రాజంపేటలో చిన్న హోటలు పెట్టారు. పెనం దగ్గర ఆమే. కారం దోశ ఎడమచేత్తో పోసి, ఎడమచేత్తో తిప్పి, ఎడమచేత్తోనే పళ్ళెంలో పెడుతుంది. కొత్తలో ఒక పెద్దాయన పళ్ళెం ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"ఎడమచేత్తో ఇచ్చేది ఎట్ల తినేదమ్మా?"

"నోట్లోకి పోయేది నీ కుడిచేత్తోనే గదా పెద్దాయనా. నాది పళ్ళెం వరకే."

ఆయన తిని, ఇంకోటి పోయమన్నాడు.

అంతా మానిపోయిందని నేను రాయను. ఇప్పటికీ ఆమె గోనెసంచిలో, గడ్డిలో, చూడకుండా చెయ్యి పెట్టదు. ఉల్లిగడ్డలైనా నేలమీద కుమ్మరించి ఏరుకుంటుంది. మామిడిపండ్లు నొక్కి చూడదు, వాసన చూసి కొంటుంది. దీపావళి పూట హోటలు మూసి కొండకు పోతుంది. అలా పక్కకు జరిగి నడవడం ఆమెకు వచ్చు. ఇన్నేళ్ళలో చిన్నాయన పేరెత్తి ఏడవడం నేను చూడలేదు.

పోయిన ఏడాది ఆమె కూతురు ఆ ఊరికి పెళ్ళికి పోయి వచ్చింది. ఆరో తరగతి పిల్ల. నేను హోటల్లో కూర్చుని పేపరు చూస్తున్నాను. వచ్చీరాగానే నవ్వుతూ మొదలుపెట్టింది.

"మా, నువ్వు చిన్నప్పుడు శానా అల్లరంట గదా? వద్దన్నా ఇనకుండా టపాకాయ కాల్చినావంట."

"ఎవురు చెప్పినారు?"

"చిన్నతాత. అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినా."

ఆమె పెనం మీది దోశ తీసి పళ్ళెంలో పెట్టి, మంట తగ్గించింది. ఆమె ముఖం అలా చూడడం నాకు ఆసుపత్రి తర్వాత అదే మొదటిసారి.  నావైపు తిరిగి అంది:

"పోదాం పా మామా."

"నువ్వే చెప్పొచ్చు గదా పాపకు."

"నేను చెప్తే మాయమ్మ తప్పు కప్పిపుచ్చుకుంటాండాది అనుకుంటాది. ఆ మాట చెప్పినోళ్ళే మార్చల్ల."

ముగ్గురం పోయాం. అతను వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. గుండె ఆపరేషనయిందట, మనిషి సగమయ్యాడు. మేం కూర్చోగానే ఆమె వచ్చిన పని చెప్పింది. అతని కొడుకు అందుకున్నాడు.

"ఇప్పుడెందుకక్కా తవ్వేది? ముసలోనికి ఏమన్నా అయితే?"

"నాకైనప్పుడు నాకు ఎనిమిదేండ్లు" అంది ఆమె.

అతను షెడ్డు వైపు చూస్తూ గొణిగాడు. "ఎదుటోళ్ళు పెట్టింటారు."

నేను లేచాను. "ఎదుటోళ్ళు వచ్చి నీ వామిలో పెట్టి, నీకు చెప్పిపోయినారా? ఇన్నేండ్లు వాళ్ళ కోసరమే నోరు మూసుకున్నావా?" ఇంకా చాలా అన్నాను. ఆమె నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"చిన్నాయనా, నిన్ను లోపలేయించేదానికి రాలే. ఆ పొద్దు నా నోటితో చెప్పించినారు. ఈ పొద్దు పాపకు నీ నోటితో చెప్పు. ఇంట్లోవాళ్ళ ముందర చెప్పలేకుంటే రాజంపేటకు రా. దోశ పోస్తా. తిని, చెప్పిపో."

ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాం. దోవలో నేను ఆమెను కోప్పడ్డాను, దోశ ఏమిటి వాడికి అని. "నా హోటలు మామా, నా ఇష్టం" అంది.

అతను రాడనే అనుకున్నాను. ఈ ఎండాకాలం వచ్చాడు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆటో దిగి, డ్రైవరు చేత ఒక అట్టపెట్టె మోయించుకుని లోపలికి వచ్చాడు. బనగానపల్లె మామిడికాయలు, గడ్డిలో పేర్చి తెచ్చాడు. పెట్టె బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"తీసుకో పాపా, మన తోటవే."

ఆమె పెట్టెలో గడ్డి వైపు చూసింది. చేతులు నడుం మీదే పెట్టుకుంది.

"నువ్వే తీసి పెట్టు చిన్నాయనా."

అతనికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల ముందు కూర్చున్నాడు. గడ్డిలో చెయ్యి దూర్చి ఒక్కో కాయ బయటికి తీసి వరసగా పెట్టాడు. ఎవరూ సాయం పట్టలేదు. ఆమె కూతురు ఎదురుగా నిలబడి చూస్తూ ఉంది. పెట్టె ఖాళీ అయ్యాక ఆమె దోశ తెచ్చి ఎడమచేత్తో ఇచ్చింది. అతను రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. తుంచాడు గానీ తినలేదు. పిల్లతో అన్నాడు:

"పాపా, నేను నీకు అబద్ధం చెప్పినా. మీయమ్మ టపాకాయ కాల్చలే. బాంబు. వామిలో పెట్టింది నేనే. మీయమ్మ కాయల కోసరం చెయ్యి పెట్టింది. దాని తప్పేం లేదు."

పిల్ల తన తల్లి కుడిచేతివైపు చూసింది. తర్వాత పోయి ఆ చేతిని పట్టుకుంది, మిగిలిన రెండు వేళ్ళనూ కలిపి. ఆమె కూతురిని పట్టుకోనిచ్చింది. "తిను చిన్నాయనా, సల్లారిపోతాది" అంది.

ఆమెకు కావలసింది వచ్చింది. నాకు రాలేదు. అంత దూరం వచ్చిన రోగిష్టి మనిషిని ఇంకా అడగాలా అని ఒక క్షణం అనిపించింది. కానీ చెంబు పట్టుకుని అడిగిన ఆ పిల్లకు కనుక్కుని చెబుతానన్నది నేను. అడిగాను.

"పెట్టింది నువ్వని మాకు ఎప్పుడో తెలుసప్పా. నేనడిగేది అది కాదు. ఆ వామి కాడికి పోవద్దని ఆ పిల్లకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

అతను నావైపు చూడలేదు. ఆమెవైపూ చూడలేదు. వరసగా పెట్టిన కాయల వైపు చూస్తూ చెప్పాడు.

"పోవద్దు పాపా అంటే, ఎందుకు చిన్నాయనా అంటాది. అన్నిటికీ ఎందుకు అని అడిగే పిల్ల గదా బావా. దానికి నేనేం చెప్పేది?"